నిచ్చెన మీద కట్టిన బాణీలు

సంగీతం గురించి నాకు తెలిసింది ఒకటే. బాగుంటే వినడం, ఎక్కువైతే తలుపేసుకోవడం. అలాంటి నన్ను ఒక సోమవారం పొద్దున మా లైబ్రరీ పెద్ద మేడం వెనక గదిలోకి తీసుకెళ్ళి పద్నాలుగు అట్టపెట్టెలు చూపించింది.

"ఇవన్నీ మన ఊళ్ళో వాళ్ళు కట్టిన బాణీలు. ఇళ్ళ అటకల మీంచి, బళ్ళ బీరువాల్లోంచి వచ్చాయి. అన్నీ కంప్యూటర్లోకి ఎక్కించాలి. పేరు కొడితే దొరకాలి, ఏడాది కొడితే దొరకాలి, పాట మొదటి మాట కొడితే దొరకాలి."

"మేడం, నాకు సంగీతం రాదు."

"పోయినేడు పాముల పుస్తకాలకు క్యాటలాగు చేశావు కదా. అప్పుడు నీకు పాముల్ని పట్టడం వచ్చా?"

ఇరవై రెండేళ్ళుగా ఆ లైబ్రరీలో పుస్తకాలకు నంబర్లు వేసేది నేనే. పెట్టెలు విప్పాను. బడి బ్యాండు వాయించిన నడక పాటలు, నాటకాల మధ్యలో పాడినవి, ఎవరో తల్లి కట్టిన జోలపాటలు. కాయితాల అంచులు పొడిపొడిగా రాలుతున్నాయి. ఒక పాట వెనక ఎవరో పిల్లాడు మూడు కాళ్ళ కుక్క బొమ్మ గీశాడు.

మాటలున్న పాటలతో పెద్ద ఇబ్బంది లేదు. మాటలు లేనివే పేచీ పెట్టాయి. బ్యాండు వాళ్ళు రాసుకునే అయిదు గీతలు, వాటి మీద చీమల బారులా నల్ల చుక్కలు. కట్టిన వాళ్ళ పేరు లేదు, ఏడాది లేదు. అలాంటివి నూట ముప్ఫైకి పైనే ఉన్నాయి. వాటిని ఎవరైనా ఏమని వెతుకుతారు? నలభై కాయితాలకు నకళ్ళు తీసుకుని ఇంటికి పట్టుకెళ్ళాను, తీరిగ్గా చూస్తే ఏమైనా తోస్తుందేమోనని.

ఇంట్లో మా అత్తయ్య ఉంటుంది. ముప్ఫై ఒక్కేళ్ళు ఒక డాన్స్ స్కూల్లో పియానో వాయించింది. పిల్లలు అడుగులు వేస్తుంటే పక్కన కూర్చుని వాయించే ఉద్యోగం. తొమ్మిదేళ్ళ క్రితం చూపు తగ్గడం మొదలయ్యాక మా దగ్గరికి వచ్చేసింది. ఇప్పుడు వెలుగు, చీకటి తెలుస్తాయి. మనిషి ఎదురుగా నిలబడితే ఎవరో ఉన్నారని తెలుస్తుంది, అంతే. మా ఇద్దరికీ ఎప్పుడూ పోట్లాటలు లేవు. పోట్లాడుకోవాలంటే ముందు మాట్లాడుకోవాలి కదా. ఆవిడ కిటికీ దగ్గర కుర్చీలో, నేను వంటింట్లో. మధ్యలో మా ఆయన, పోస్టుమాన్ లాగా.

ఆ సాయంత్రం భోజనాల బల్ల మీద కాయితాలు పరుచుకుని తల పట్టుకున్నాను.

"ఏమిటా గొణుగుడు?" అంది అత్తయ్య కుర్చీలోంచి.

"చుక్కలు అత్తయ్యా. ఎక్కుతున్నాయి, దిగుతున్నాయి. నాకు ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు."

"చదువు."

"ఏం చదవను? ఇందులో మాటల్లేవు."

"మాటలు కాదమ్మాయ్, చుక్కలే చదువు. మొదటిది ఎక్కడుంది?"

"కింది నుంచి రెండో గీత మీద."

"తర్వాత?"

"దానికి పైన సందులో. తర్వాతది మళ్ళీ అక్కడే. ఆ తర్వాత ఒక మెట్టు కిందికి దిగింది."

ఆవిడ లేచి తడుముకుంటూ వచ్చి నా పక్కన కూర్చుంది. నేను చెబుతుంటే ఆవిడ వేళ్ళు బల్ల మీద కదిలాయి. ఒక వరస పూర్తయ్యాక సన్నగా గొంతెత్తి పాడింది. ఎప్పుడో ఎవరో కట్టి, పెట్టెలో పడేసిన పాట మా భోజనాల బల్ల దగ్గర లేచి నిలబడింది.

"నడక పాట," అంది ఆవిడ. "బడి పిల్లల్ని వరసలో నడిపించడానికి కట్టింది. కట్టినవాడికి పిల్లలంటే ఇష్టం. చూడు, ఎక్కడా తొందరపెట్టడం లేదు."

మర్నాడు బస్సులో వెళుతుంటే ఆలోచన తట్టింది. సంగీతం రాని నాకే చుక్క ఎక్కిందో, దిగిందో, ఉన్నచోటే ఉందో తెలుస్తోంది. ఇంకెవరికి తెలియదు? లైబ్రరీ కంప్యూటర్లు చూసే ఆయన దగ్గరికి పరిగెత్తాను. ఏం చెడిపోయిందన్నా "రీస్టార్ట్ చేసి చూశారా?" అని అడుగుతాడని మేమంతా ఆయన్ని రీస్టార్ట్ గారు అంటాం. నేను చెప్పింది విని ఆయన మొదటిసారి ఆ మాట అనలేదు.

"మూడు బటన్లు పెడదాం," అన్నాడు. "ఎక్కు, దిగు, అదే. మనసులో ఉన్న పాటను ఎవరైనా అలా కొట్టుకుంటూ పోతే చాలు. పన్నెండు మెట్లు కలిస్తే ఆ పాట ఇంచుమించు దొరికినట్టే."

ఆ రోజు నుంచి సాయంత్రం ఆరింటికి మా ఇంట్లో కచేరీ. నేను చదివేదాన్ని, ఆవిడ పాడేది, నేను ఎక్కు, దిగు, అదే అని రాసుకునేదాన్ని. తోకున్న చుక్క గబగబా నడుస్తుందని, బోలు చుక్క తాపీగా కూర్చుంటుందని నేర్పింది. నేను గీత బదులు సందు చదివితే, "చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది నా బతుకు," అనేది. "ఊదేవాళ్ళు సరిగ్గా ఊదితే చెవిటివాడికైనా వినిపిస్తుంది లెండి," అనేదాన్ని నేను. నాలుగో రోజున మేమిద్దరం పగలబడి నవ్వుతుండగా మా ఆయన తలుపు తీసుకుని వచ్చి, గుమ్మంలోనే ఆగి, "ఇల్లు తప్పి వచ్చానా?" అన్నాడు.

అలా పది పెట్టెలు అయిపోయాయి. పదకొండోది అత్తయ్య పనిచేసిన డాన్స్ స్కూలు మూసేసినప్పుడు వచ్చిన సామాను. అందులో ఒక నోటుపుస్తకం. పెన్సిలుతో రాసిన పదిహేడు చిన్న పాటలు. పేర్లు లేవు, వరస నంబర్లే. పుస్తకాన్నే ఇంటికి తెచ్చి నాలుగో పాట దగ్గర తెరిచాను.

"మూడో గీత. పై సందు. పై గీత. మళ్ళీ అక్కడే..."

అయిదో చుక్కకు నేను ఇంకా చేరలేదు. ఆవిడ పాట చివరిదాకా పాడేసింది. పాడి, ఠక్కున నా వైపు తిరిగింది.

"ఆ పుస్తకం అట్ట నీలం రంగా?"

"అవును."

"కింది మూల కాలి ఉందా? ఇస్త్రీపెట్టె తగిలింది."

చూశాను. మూల గోధుమరంగులో మాడి ఉంది.

"అత్తయ్యా! ఇవి మీరు రాసినవా! పదిహేడు పాటలు కట్టి ఇన్నాళ్ళూ ఒక్క మాట చెప్పలేదేం?" అంటూ కలం తీసి, క్యాటలాగు కాయితంలో కట్టినవారు అన్నచోట ఆవిడ పేరు గబగబా రాసేశాను. కలం కాయితం మీద గీసుకోవడం ఆవిడకి వినిపించింది.

"ఏం రాశావు?"

"మీ పేరు."

"కొట్టెయ్."

"అదేమిటి?"

"కొట్టెయ్ అమ్మాయ్. చెయ్యి నాది. పాట నాది కాదు."

ఆవిడ బల్ల అంచు తడుముతూ మెల్లగా చెప్పింది. ఒక వేసవిలో స్కూలుకు రంగులు వేయించారట. క్లాసులు మాత్రం ఆపలేదు. లోపల ఈవిడ పియానో, బయట నడవాలో నిచ్చెన మీద పెయింటరు ఈల. మనిషి బాగా పొడుగు. పిల్లలు ఆయనకే నిచ్చెన అని పేరు పెట్టారు.

"మొదటి రోజు చిరాకేసి తలుపు వేయించాను. రెండో రోజు తలుపు వేసినా వినబడింది. మూడో రోజు చూసుకుంటే నా చేతులు ఆ ఈలనే వాయిస్తున్నాయి. ఎక్కడా విన్న పాట కాదు. రోజుకొకటి కొత్తది. ఆయన సాయంత్రం బ్రష్షులు కడుక్కుని వెళ్ళగానే కూర్చుని రాసేదాన్ని. పదిహేడు రోజులు, పదిహేడు పాటలు. పని అయిపోయింది, నిచ్చెన భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు."

"తర్వాత?"

"తర్వాత ఏముంది, ఏళ్ళ తరబడి క్లాసు మొదట్లో అవే వాయించాను. పిల్లల తల్లులు వచ్చి, 'మీరే కట్టారా? ఎంత బాగున్నాయో' అనేవాళ్ళు. మొదటిసారి నవ్వి ఊరుకున్నాను. తర్వాత నవ్వాల్సిన అవసరం కూడా రాలేదు, వాళ్ళకి వాళ్ళే నావని చెప్పేసుకున్నారు. నేను అబద్ధం ఆడలేదమ్మాయ్. నిజం చెప్పలేదు. ఇప్పుడు ఆ రెంటికీ తేడా కనపడటం లేదు నాకు. అది చూపు పోయినందువల్ల కాదు." పుస్తకం అట్ట మూసి అంది, "ఆ మనిషి పేరేమిటో కూడా అడగలేదు."

కట్టినవారు నిచ్చెన అని రాస్తానంటే లైబ్రరీలో పెద్ద మేడం ఒప్పుకోలేదు. "పేర్ల వరసలో నిచ్చెన అని ఎలా పెడతాం? రాత మీ అత్తగారిది, ఆవిడ ఊళ్ళో అందరికీ తెలుసు. ఆవిడ పేరే పెట్టెయ్," అంది. ఆ మాట మీరే ఆవిడకి చెప్పండని ఫోను కలిపి ఇచ్చాను.

"మేడంగారూ," అంది అత్తయ్య, "మీరు చెబితే టైపిస్టు ఉత్తరం కొడుతుంది. ఆ ఉత్తరం కింద సంతకం టైపిస్టు పెడుతుందా?"

పెద్ద మేడం ఫోను నా చేతికిచ్చి, "మీ ఇంట్లో రోజూ ఇలాగే ఉంటుందా?" అంది. "ఈమధ్యే మొదలైంది," అన్నాను.

అలా రాశాం: కట్టినవారు, పేరు తెలియదు, నిచ్చెన అని పిలిచే పెయింటరు. విని రాసి ఉంచినవారు, అత్తయ్య పేరు. ఆయన కోసం రంగుల దుకాణాల్లో అడిగాం, స్కూల్లో పనిచేసిన వాళ్ళను అడిగాం. ఆ పొడుగాయనా అన్నవాళ్ళున్నారు కానీ పేరు, ఇల్లు ఎవరికీ గుర్తులేవు.

మొత్తం నాలుగువందల పన్నెండు పాటలు. వానాకాలం మొదట్లో జనానికి తెరిచాం. కిటికీ పక్కన ఒక కంప్యూటరు, దాని ముందు రెండు కుర్చీలు. పేర్లు వెతుక్కోవడానికి చాలామంది వచ్చారు. ఒక ముసలాయన వాళ్ళ అన్న కట్టిన జోలపాటను తెర మీద చూసి, టోపీ తీసి, చాలాసేపు నిలబడి వెళ్ళాడు. ఇరవై రెండేళ్ళలో ఎంతమందికి ఎన్ని పుస్తకాలు వెతికిపెట్టానో లెక్కలేదు. ఆ నెలలో విన్నన్ని థాంక్సులు మాత్రం ఎప్పుడూ వినలేదు.

ఒక బుధవారం మధ్యాహ్నం బస్సు డ్రైవరు యూనిఫాంలో ఒకామె వచ్చింది. నలభై ఏళ్ళుంటాయి. చేతిలో టిఫిన్ డబ్బా.

"ఇందులో పాట కొడితే దొరుకుతుందట కదండీ?"

"పాట పేరేమిటి?"

"పేరు తెలీదు. మా నాన్న ఈల వేసేవాడు. ఎవరి పాట నాన్నా అంటే, ఎక్కడో విన్నాలే అంటాడు. ఎక్కడ విన్నాడో చూద్దామని."

"ఎలా ఉంటుంది?"

ఆమె అటూ ఇటూ చూసి, ఈల వేసింది. చదువుకుంటున్న వాళ్ళంతా తలలెత్తారు. పెద్ద మేడం గదిలోంచి బయటికి వచ్చింది. నేను ఆమె పక్కన కూర్చుని బటన్లు నొక్కించాను. ఎక్కు, ఎక్కు, అదే, దిగు. పన్నెండు నొక్కేసరికి తెర మీద ఒక్కటే మిగిలింది. నీలం పుస్తకం, నాలుగో పాట. నా చెవికి సంగీతం పట్టదు కాబట్టి అప్పటిదాకా నేను గుర్తుపట్టనేలేదు.

"మీ నాన్నగారు ఏం చేసేవారు?" అన్నాను.

"పెయింటరు. గోడలకు రంగులు వేసేవాడు."

"పొడుగ్గా..."

"పొడుగంటే అలా ఇలా కాదు. వీధి వీధంతా నిచ్చెన అనే పిలిచేవాళ్ళు."

తెర ఆమె వైపు తిప్పాను. ఆమె చదివింది. పెదవులు కదుపుతూ మళ్ళీ చదివింది.

"ఆయన... ఉన్నారా?" అని అడిగాను భయంభయంగా.

"ఉండకేం! ఇంట్లో టీవీ రిమోటు కోసం నాతో యుద్ధం చేస్తున్నాడు," అంది. అంటూనే ఏడ్చేసింది. ఆ రోజు ఆమె బస్సు ఆరు నిమిషాలు ఆలస్యంగా కదిలింది. ఆలస్యమెందుకని అడిగిన వాళ్ళందరికీ ఆమె కారణం చెప్పిందట.

ఆదివారం తండ్రిని లైబ్రరీకి తీసుకొస్తానని ఆమె అన్న మాట ఇంటికెళ్ళి చెప్పాను. "ఆదివారం దాకా ఆగాలా?" అంది అత్తయ్య. ఇంకాసేపటికి, "ఏ చీర కట్టుకోను?" అంది. నాలుగు రోజులూ బల్ల మీద వేళ్ళతో వాయిస్తూనే ఉంది. అన్నం తింటున్నా, ఫోనులో మాట్లాడుతున్నా వేళ్ళు ఆగలేదు.

లైబ్రరీ మీటింగు హాల్లో పాత పియానో ఒకటి ఉంది. ఆదివారం పదింటికి ఆయన కూతురి చెయ్యి పట్టుకుని వచ్చాడు. నడుము వంగినా గుమ్మం దగ్గర అలవాటుగా తల వంచాడు. అత్తయ్య లేచి నిలబడింది. నేర్చుకున్న పాఠం అప్పజెప్పినట్టు ఒక్క గుక్కలో చెప్పేసింది.

"నేను మీ పాటలు పదిహేడు తీసుకున్నాను. మీకు చెప్పకుండా వాయించుకున్నాను. నావే అనుకున్న వాళ్ళకు కాదని చెప్పలేదు."

"తెలుసమ్మా," అన్నాడాయన.

"ఎలా తెలుసు?" అంది అత్తయ్య.

"మరుసటేడు పక్క వీధిలో పని దొరికింది నాకు. సైకిలు మీద పోతుంటే వినబడింది. ఎవడ్రా నా పాట వాయిస్తున్నాడని కిటికీలోంచి తొంగి చూశాను. పాతికమంది పిల్లలు, అందరూ ఒకేసారి కాలెత్తుతున్నారు, ఒకేసారి దించుతున్నారు. నా పాటకి! ఆ తర్వాత ఎక్కడ పనున్నా ఆ వీధిలోంచే వెళ్ళేవాణ్ణి, చుట్టు తిరుగుడైనా సరే."

"మరి లోపలికి వచ్చి అడగలేదేం?"

"ఏమని అడగమంటారు? ఒంటినిండా సున్నం, నేను వచ్చి ఇది నా పాట అంటే ఎవరు నమ్ముతారు? ఇంట్లోనూ చెప్పలేదు, నవ్వుతారని. ఈలేసిన పాట ఆ గదిలో రంగు ఆరేలోపే పోతుందమ్మా. నాకే మర్నాటికి సగమే గుర్తుండేది. మీరు పట్టుకుని దాచారు. థాంక్స్ చెప్పాలని ఎన్నిసార్లు అనుకున్నానో! కిటికీ దాకా వచ్చి సిగ్గేసి వెళ్ళిపోయేవాణ్ణి."

అత్తయ్య కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంది. దానితో ఆవిడకి ఏమీ కనిపించదు. అయినా చాలాసేపు తుడిచింది. "చెప్పాల్సింది నేను కదండీ," అంది. "ముప్ఫై ఏళ్ళు నా చేతులకి పని ఇచ్చింది మీరు."

తర్వాత వాయించింది. ఒకటి, రెండు, మూడు. ఆయన కళ్ళు మూసుకుని విన్నాడు. ఏడో పాటలో మాత్రం చెయ్యెత్తాడు.

"అక్కడ కాదమ్మా. అక్కడ దిగకూడదు. అదే చోట ఉండాలి."

"నేను విన్నప్పుడు దిగిందండీ. నాకు బాగా గుర్తు."

"దిగింది నేను. బ్రష్షు డబ్బాలో ముంచడానికి వంగాను. ఊపిరి కిందికి పోయింది, పాట పోలేదు."

అందరికంటే ముందు అత్తయ్యే నవ్వింది. ఇన్నేళ్ళూ ఆ పాటకు అడుగులేసిన పిల్లలంతా ఆయన వంగిన వంగుడికే వంగారన్నమాట! సరైన పద్ధతి ఈలేసి చూపిద్దామంటే ఆయన నోట్లో ముందు పళ్ళు లేవు, గాలి తప్ప ఏమీ రాలేదు. కూతురు వేసి చూపించింది. నేను కంప్యూటరు దగ్గర కూర్చుని ఏడో పాటలో ఒక దిగును తీసి అదే అని పెట్టాను. అత్తయ్య మళ్ళీ వాయించింది. నాక్కూడా తెలిసింది, పాట ఇప్పుడు ఊపిరి పీల్చుకుంది.

పాటలకు పేర్లున్నాయా అని అడిగితే ఉన్నాయన్నాడు. ఏ పనిలో పుట్టినదానికి ఆ పేరు: పైకప్పు, రెండో పూత, తలుపు వెనక. నాలుగోది మాత్రం కూతురి పేరు మీద కట్టాడట, అప్పటికి ఆమెకు రెండేళ్ళు. అది విని ఆ డ్రైవరమ్మ, "ఎక్కడో విన్నానన్నావు కదా నాన్నా!" అని తండ్రి భుజం మీద ఒక్కటి వేసింది.

అప్పుడు ఆయన్ని పూర్తి పేరు అడిగాను. ఆయన చెప్పాడు, నేను ఒక్కో అక్షరం కొట్టాను. నిచ్చెన అన్నమాట తీసెయ్యమంటారా అంటే, "వద్దొద్దు. పేరు కొడితే ఎవరికీ తెలీదు. నిచ్చెన అని కొడితే మా వీధంతా వస్తుంది," అన్నాడు.

ఇప్పుడు బుధవారం మధ్యాహ్నాలు ఆ హాలు మాకు వదిలేసింది పెద్ద మేడం. ఆయన తలలో ఇంకా పాటలున్నాయి. ఆయన గొణుగుతాడు, బస్సు ఆగిన అరగంటలో కూతురు వచ్చి ఈలేస్తుంది, అత్తయ్య వాయించి చూసి ఏ గీతో, ఏ సందో చెబుతుంది, చుక్కలు నేను పెడతాను. ఇప్పటికి పదకొండు కొత్తవి ఎక్కించాం. పోయిన వారం ఒక పాట చివర ఎక్కాలా దిగాలా అని ముసలివాళ్ళిద్దరికీ తగువు వచ్చింది. ఆవిడ ఎక్కాలంటుంది, ఆయన దిగాలంటాడు. తేలేదాకా నేను పెన్సిలు పట్టుకుని కూర్చున్నాను. నాకేమీ తొందర లేదు. అలా వాళ్ళ మధ్య కూర్చోబెట్టినందుకు ఎవరికి దండం పెట్టాలో తెలియక, పెన్సిలు మొన చెక్కుకుంటూ, వాళ్ళ తగువు వింటూ ఉండిపోయాను.